ఫీడ్ నుంచి పోలింగ్ కేంద్రం దాకా: విద్యార్థి ఓటు ఎక్కడ ఆగిపోతోంది?

కాలేజీ విద్యార్థుల పోలింగ్ పెరిగితే అది సోషల్ మీడియా పుణ్యమనీ, తగ్గితే సోషల్ మీడియా పాపమనీ అనడం మామూలైపోయింది. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ ఓటు వేయాలన్న నిర్ణయం ఒక్క క్షణంలో తేలేది కాదు. ముందు ఎన్నిక ఉందని తెలియాలి. అది తనకు సంబంధించినదేనని అనిపించాలి. ఓటర్ల జాబితాలో పేరుండాలి, ఆ పేరు తాను ఇప్పుడుంటున్న చోటే ఉండాలి. ఎవరికి వేయాలో ఓ అభిప్రాయం కుదరాలి. చివరికి ఆ రోజు లేచి వెళ్లాలి. మొదటి రెండు పనుల్లో సోషల్ మీడియాది గట్టి చేయి. మూడో పని దగ్గర్నుంచి దాని పట్టు సడలుతుంది. విద్యార్థుల ఓట్లు ఎక్కువగా రాలిపోయేది కూడా అక్కడే.

ఈ తేడా పట్టించుకోకుండా వేలకొద్దీ రీళ్లు, పోస్టర్లు, హ్యాష్‌ట్యాగులు తయారవుతున్నాయి. వాటికి లైకులు వస్తాయి, ఓట్లు మాత్రం పెద్దగా కదలవు. కారణమేమిటో చూడాలంటే ఈ విషయంలో జరిగిన అతి పెద్ద ప్రయోగంతోనే మొదలుపెట్టాలి.

ఆరు చిన్న ఫొటోలు

2010 నవంబరు 2న అమెరికా కాంగ్రెస్ ఎన్నికలు జరిగాయి. ఆ రోజు ఫేస్‌బుక్ తెరిచిన 18 ఏళ్లు దాటిన అమెరికన్లు సుమారు 6.1 కోట్ల మంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఫేస్‌బుక్ కలిసి వీళ్లను మూడు గుంపులుగా విడదీశారు. అందరికన్నా పెద్ద గుంపుకు, అంటే దాదాపు 6 కోట్ల మందికి, ఫీడ్ పైభాగంలో ఒక పెట్టె కనిపించింది. అందులో ఈ రోజు ఎన్నికల రోజని గుర్తుచేసే మాట, పోలింగ్ కేంద్రం ఎక్కడో వెతికే లింకు, ‘ఓటేశాను’ అనే బటన్, ఇప్పటిదాకా ఎంతమంది ఆ బటన్ నొక్కారో చూపే అంకె ఉన్నాయి. వాటితోపాటు అప్పటికే ఆ బటన్ నొక్కిన స్నేహితుల్లో ఆరుగురి దాకా చిన్న ప్రొఫైల్ ఫొటోలు ఉన్నాయి. రెండో గుంపులో సుమారు 6 లక్షల మంది. వాళ్లకూ అదే పెట్టె, అదే లింకు, అదే బటన్, కాకపోతే స్నేహితుల ఫొటోలు లేవు. దాదాపు అంతే మంది ఉన్న మూడో గుంపుకు ఏమీ చూపలేదు.

తరవాత సుమారు 63 లక్షల మంది వివరాలను ప్రభుత్వ ఓటింగ్ రికార్డులతో పోల్చి చూశారు. ఎవరికి వేశారన్నది ఆ రికార్డుల్లో ఉండదు, వేశారా లేదా అన్నదే ఉంటుంది. ఫొటోలు లేని పెట్టె చూసినవాళ్లకూ ఏమీ చూడనివాళ్లకూ ఓటింగులో తేడా లేదు. తేదీ గుర్తుచేసినా, కేంద్రం చూపించినా, బటన్ ఇచ్చినా ఉపయోగం లేకపోయింది. ఫొటోలున్న పెట్టె చూసినవాళ్లు మాత్రం మిగతావాళ్లకన్నా 0.39 శాతం ఎక్కువగా ఓటు వేశారు. ఆ సందేశం నేరుగా తెచ్చిన ఓట్లు సుమారు 60 వేలు, స్నేహితుల నుంచి స్నేహితులకు పాకి వచ్చినవి మరో 2 లక్షల 80 వేలు అని పరిశోధకులు లెక్కకట్టారు. 2012లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఈ ఫలితాన్ని ఇప్పటికీ రెండు వర్గాలవాళ్లూ తమకు అనువుగా వాడుకుంటారు. 3 లక్షల 40 వేల ఓట్లని ఒకరంటారు, అర శాతం కూడా లేదని మరొకరంటారు.

విద్యార్థుల విషయానికి వచ్చేసరికి ఆ పరిశోధనలో ఇంకో అంశం ఎక్కువ ముఖ్యం. ప్రభావం పాకింది స్నేహితుల జాబితాలో ఉన్న వందలమంది ద్వారా కాదు. తరచూ మాట్లాడుకునే, బయట కూడా కలుసుకునే దగ్గరివాళ్ల ద్వారానే. ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్లు ఓటేశారని తెలిసినా చెప్పుకోదగ్గ కదలిక లేదు. అంటే పనిచేసింది వేదిక కాదు, ఆ వేదిక కళ్లముందుకు తెచ్చిన స్నేహం.

అపరిచితుల మాట ఎందుకు తేలిపోతుంది

డబ్బు పెట్టి ఫీడ్‌లోకి ఎక్కించిన ప్రకటనలు దీనికి ఎదురు ఉదాహరణ. 2020 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో గట్టి పోటీ ఉన్న 5 రాష్ట్రాల్లో 20 లక్షల మంది ఓటర్ల మీద 89 లక్షల డాలర్ల ఖర్చుతో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి నెలల తరబడి సోషల్ మీడియాలో, ఇతర డిజిటల్ వేదికల్లో ప్రచార ప్రకటనలు చూపారు, కొందరికి చూపలేదు. మొత్తంగా చూస్తే పోలింగ్ శాతంలో తేడా రాలేదు. విడదీసి చూస్తే బైడెన్ వైపు మొగ్గు ఉన్నవాళ్లలో 0.4 శాతం పాయింట్లు పెరిగింది, ట్రంప్ వైపు మొగ్గు ఉన్నవాళ్లలో 0.3 శాతం పాయింట్లు తగ్గింది.

అదే ఏడాది ఇంకో పరిశోధన దీన్ని తిరగేసి చూసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడే సుమారు 35 వేల మందిలో ఒక భాగానికి డబ్బిచ్చి, ఎన్నికల ముందు 6 వారాలు ఖాతాలు మూయించారు. ఆన్‌లైన్‌లో రాజకీయ చర్చల్లో, సంతకాల సేకరణల్లో పాల్గొనడం తగ్గింది. ఓటు వేయడం మీద ప్రభావం మాత్రం దాదాపు సున్నా.

ఇది చదివి సోషల్ మీడియాకు ఓటుతో సంబంధమే లేదనుకుంటే పొరపాటు. చివరి 6 వారాల్లో చాలామంది అప్పటికే నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. ఒక మనిషి ఖాతా మూసుకున్నా అతని గదిలోవాళ్లు, తరగతిలోవాళ్లు మూసుకోలేదు. వాళ్లు ఫోన్లో చూసింది భోజనాల దగ్గర అతని చెవిన పడుతూనే ఉంటుంది. పైగా ఆ పరీక్షలో ఉన్నది అన్ని వయసులవాళ్లు. 18, 19 ఏళ్లకు తొలిసారి రాజకీయాలు అర్థం చేసుకుంటున్నవాళ్లకు అదే లెక్క వర్తిస్తుందని చెప్పలేం. సోషల్ మీడియా వాడకానికీ రాజకీయ భాగస్వామ్యానికీ సంబంధం మీద అంతకుముందు వచ్చిన 36 పరిశోధనలను షెలీ బూలియాన్ 2015లో కలిపి విశ్లేషించారు. వాటిలో తేలిన సంబంధాల్లో 80 శాతానికి పైగా సానుకూలమైనవే. కానీ గణాంకపరంగా గట్టిగా నిలబడ్డవి సగమే. సోషల్ మీడియా వల్ల ఆసక్తి పెరిగిందా, ఆసక్తి ఉన్నవాళ్లే అక్కడ ఎక్కువగా రాజకీయాలు చూస్తున్నారా అన్న చిక్కుముడి చాలా సర్వేల్లో విడిపోదు. ‘సర్వేలో ఇంతమంది విద్యార్థులు సోషల్ మీడియా తమను ప్రభావితం చేసిందన్నారు’ అనే వార్తలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండాలి. మనుషులు తమ నిర్ణయాలకు కారణాలు చెప్పేటప్పుడు కళ్లముందు కనిపించేదే చెబుతారు. ఓటేయకపోయినా వేశామని చెప్పేవాళ్లూ ప్రతి సర్వేలో ఉంటారు.

విద్యార్థుల మీదే నేరుగా జరిగిన ఒక చిన్న ప్రయోగం ఈ సందర్భంలో చాలా విలువైనది. హోలీ టెరెసీ, మెలిసా మైకెల్సన్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులను ఫేస్‌బుక్ స్నేహితులుగా చేర్చుకుని రెండు భాగాలుగా విడదీశారు. ఒక భాగానికి జరగబోయే ఎన్నికల గురించి పోస్టులు కనిపించాయి, రెండో భాగానికి రాజకీయాలతో సంబంధం లేని పోస్టులు. తరవాత ఓటింగ్ రికార్డులు చూస్తే మొదటి భాగంలోనివాళ్లు ఎక్కువగా ఓటేశారు. పోస్టులు పెట్టింది ప్రకటనల సంస్థ కాదు, స్నేహితుల జాబితాలో ఉన్న మనిషి. ప్రకటనలు కోట్లు ఖర్చుపెట్టి సాధించలేనిది ఒక మనిషి పేరు మీద వచ్చిన మాట సాధించింది.

అసలు లోయ: జాబితాలో పేరు

టఫ్ట్స్ విశ్వవిద్యాలయం అమెరికా కాలేజీల ప్రవేశ రికార్డులను ఓటింగ్ రికార్డులతో సరిపోల్చి విద్యార్థుల పోలింగ్ శాతం లెక్కకడుతూ వచ్చింది. 2016లో అది 52 శాతం, 2020లో 66 శాతం. ఈ పెరుగుదలను ఒక్క ఫోన్‌కే ఆపాదించలేం. పోటీ తీవ్రత పెరిగింది, పోస్టు ద్వారా ఓటేసే వీలు విస్తరించింది, నమోదు పెరిగింది. 2020లో పేరు నమోదై ఉన్న విద్యార్థుల్లో సుమారు 80 శాతం ఓటేశారన్న లెక్క ఇంకా ముఖ్యం. జాబితాలో పేరుంటే విద్యార్థి చాలావరకు వస్తాడు. యువతకు పట్టింపు లేదన్న మాట ఈ అంకె ముందు నిలబడదు.

నమోదు దగ్గర విద్యార్థికి ఉండే ఇబ్బంది మిగతా వయసులవాళ్లకు ఉండదు. తల్లిదండ్రుల ఇల్లు ఒకచోట, చదువు మరోచోట. ఏటా గది మారుతుంది, చిరునామా రుజువు మారదు. నియమాలు ఒక్కో దేశంలో ఒక్కో తీరు. బ్రిటన్‌లో విద్యార్థి ఇంటి చిరునామాలోనూ చదువుకునే చోటా నమోదు కావచ్చు, పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం ఒక్కచోటే ఓటేయాలి. భారతదేశంలో ఒక్క నియోజకవర్గంలోనే పేరుండాలి. అమెరికాలో విద్యార్థులు కాలేజీ ఉన్న ఊళ్లో ఓటు నమోదు చేసుకోకుండా అడ్డుపడటం చెల్లదని 1979లో సుప్రీంకోర్టు తేల్చింది, గడువులు, గుర్తింపు కార్డుల నియమాలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఒక్క వీడియోలో ఇవన్నీ చెప్పడం సాధ్యం కాదు. దేశమంతటా వైరల్ అయిన వీడియో చూసి, అందులో చెప్పిన గడువే తనకూ వర్తిస్తుందనుకుని మోసపోయేది ఇందుకే. వీడియో చేసినవాళ్ల దురుద్దేశం ఏమీ ఉండదు. వాళ్ల రాష్ట్రం గడువు వాళ్లు చెప్పారంతే.

ప్రముఖుల పోస్టుల లెక్కలను కూడా ఈ నమోదు లోయతో పోల్చి చూడాలి. 2024 సెప్టెంబరు 10 రాత్రి అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన లింకు ద్వారా 24 గంటల్లో 4,05,999 మంది అమెరికా ప్రభుత్వ ఓటరు సమాచార వెబ్‌సైట్‌కు వెళ్లారు. వార్తల్లో ఇది చాలాచోట్ల నాలుగు లక్షల నమోదులుగా మారిపోయింది. అవి సందర్శనలు. చూసి వెనక్కి వచ్చినవాళ్లు, అప్పటికే పేరున్నవాళ్లు, వివరాలు సగంలో వదిలేసినవాళ్లు అందులోనే ఉన్నారు. 2023లో ఆమె పెట్టిన ఇలాంటి పోస్టు తరవాత ఒక్కరోజులో 35 వేలకు పైగా నమోదులు జరిగాయని ఓటరు నమోదుకు సాయపడే ఓట్ డాట్ ఆర్గ్ సంస్థ చెప్పింది. అది నిజంగా పెద్ద సంఖ్యే, ఎందుకంటే అది పూర్తయిన పని. క్లిక్కు వేరు, నమోదు వేరు, ఓటు వేరు. ప్రచారం చేసేవాళ్లు తమ ఫలితాన్ని ఏ మెట్టు దగ్గర కొలుస్తున్నారో మొదటే తేల్చుకోకపోతే లైకులనే ఓట్లనుకుని సంతృప్తి పడిపోతారు.

పోస్టల్ బ్యాలెట్ ఉన్నచోట ఇంకో నష్టం ఉంది. బ్యాలెట్ అడగాలి, అది ఏ చిరునామాకు వస్తుందో సరిగ్గా రాయాలి, కవరు మీద సంతకం పెట్టాలి, గడువులోగా చేరేలా పంపాలి. ఫ్లోరిడాలో జరిగిన అధ్యయనాల్లో యువ ఓటర్ల పోస్టల్ బ్యాలెట్లు తిరస్కరణకు గురికావడం పెద్ద వయసువాళ్లకన్నా ఎక్కువని తేలింది. సంతకం మరిచిపోవడం, రికార్డులో ఉన్న సంతకంతో కలవకపోవడం, ఆలస్యంగా చేరడం ఇందుకు కారణాలు. కాయితం మీద తరచూ సంతకం చేసే అలవాటే లేని తరానికి రెండు సంతకాలు ఒకేలా రావడం కష్టమే. ‘కవరు మీద సంతకం చూసుకోండి’ అని ఓ స్నేహితుడు పెట్టే ఒక్క వాక్యం, ప్రజాస్వామ్యం గొప్పదనం మీద చేసిన పది పోస్టులకన్నా ఇక్కడ ఎక్కువ ఓట్లను కాపాడుతుంది.

తెలిసినట్టు అనిపించడం

సోషల్ మీడియా ఓటును ప్రోత్సహించినట్టే కనిపిస్తూ దెబ్బతీసే తీరులు రెండున్నాయి. మొదటిది వార్తల విషయం. ముఖ్యమైనదేదైనా ఉంటే ఎలాగూ తన ఫీడ్‌లోకి వస్తుందిలే అన్న భరోసా. హోమెరో గిల్ డె సూనిగా, ఆయన సహచరులు 2017 నుంచి దీని మీద పరిశోధనలు ప్రచురిస్తున్నారు. ఈ భరోసా ఎక్కువ ఉన్నవాళ్లు వార్తలను వెతుక్కుని చదవడం తక్కువ, కాలక్రమంలో వాళ్ల రాజకీయ పరిజ్ఞానమూ తక్కువే. జాతీయ నాయకుల గొడవలు ఫీడ్‌లోకి వచ్చిపడతాయి. స్థానిక ఎన్నికలో తన వార్డులో నిలబడ్డ ఐదుగురెవరో రాదు. పోలింగ్ ముందు రాత్రి అభ్యర్థుల జాబితా చూస్తే ఒక్క పేరూ తెలియదు. ‘ఏమీ తెలియకుండా ఎలా వేస్తాం’ అని ఆగిపోయే విద్యార్థులు బాధ్యత లేనివాళ్లు కాదు. బాధ్యత తెలిసే ఆగిపోతున్నారు. వాళ్లకు కావలసింది ప్రేరణ కాదు, అభ్యర్థుల గురించి నాలుగు వాస్తవాలు.

రెండోది, పోస్టు పెట్టడంతోనే పని అయిపోయిందన్న తృప్తి. కర్క్ క్రిస్టోఫర్సన్, మరో ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక మంచి పనికి నలుగురి ముందు చిన్న మద్దతు తెలిపినవాళ్లు, తరవాత అదే పనికి సమయమో డబ్బో అడిగితే, ఎవరికీ కనిపించకుండా మద్దతు తెలిపినవాళ్లకన్నా తక్కువగా ముందుకొచ్చారు. మంచివాడిగా కనిపించాలన్న కోరిక అప్పటికే తీరిపోయి ఉంటుంది. ఎన్నికలకు నెల ముందు ప్రొఫైల్ ఫొటోకు ‘నేను ఓటేస్తాను’ అనే ఫ్రేము తగిలించుకోమనడంలో ఉన్న ప్రమాదం ఇదే. ఓటేసి వచ్చాక పెట్టే ఫొటో మంచిది, అది ఇంకా వెళ్లనివాళ్లను కదుపుతుంది. ఫొటో పోలింగ్ కేంద్రం బయట దిగడం మేలు. లోపల ఫోను తీయడం, గుర్తుపెట్టిన బ్యాలెట్‌ను ఫొటో తీయడం చాలాచోట్ల నేరం. న్యూహాంప్‌షైర్‌లో పెట్టిన ఇలాంటి నిషేధాన్ని 2016లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది, అలా అని మిగతాచోట్ల చెల్లుతుందనుకోకూడదు.

ఓటు మాన్పించే పోస్టులు

ఒక పార్టీకి ఓటేయమనే అబద్ధాలకన్నా అసలు ఓటే వేయొద్దనిపించే అబద్ధాలు విద్యార్థుల దగ్గర తేలిగ్గా పనిచేస్తాయి. మనసు మార్చడం కష్టం, అసలే ఊగిసలాడుతున్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం సులువు. 2016 అమెరికా ఎన్నికల్లో రష్యాకు చెందిన ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ నల్లజాతి ఓటర్లలో ‘ఇద్దరూ ఒకటే, వేసి ఏం లాభం’ అనే భావన నాటడానికి ప్రయత్నించిందని అమెరికా సెనేట్ నిఘా కమిటీ కోసం చేసిన విశ్లేషణలు చెప్పాయి. అదే ఎన్నికల్లో ‘క్యూలో నిలబడక్కర్లేదు, ఈ నంబరుకు ఎస్సెమ్మెస్ పంపి ఓటేయండి’ అని ట్విట్టర్‌లో బొమ్మలు తిరిగాయి. కనీసం 4,900 ఫోన్ నంబర్ల నుంచి ఆ నంబరుకు సందేశాలు వెళ్లాయని అమెరికా న్యాయశాఖ చెప్పింది. పంపినవాళ్లంతా మోసపోయారని చెప్పలేం, సరదాగా పరీక్షించినవాళ్లూ ఉండొచ్చు. కానీ చదువుకున్నవాళ్లు నమ్మరులే అనుకోవడం తప్పు. బ్యాంకు పనులు, పరీక్ష ఫీజులు, టికెట్లు అన్నీ ఫోన్లోనే చేసే తరానికి ఓటు కూడా ఫోన్లో వేయొచ్చంటే వింతగా అనిపించదు.

ఇలాంటి అబద్ధాలు నాలుగు చోట్ల దెబ్బకొడతాయి: తేదీ, స్థలం, అర్హత, పర్యవసానం. చివరిది విద్యార్థులకే ప్రత్యేకం. కాలేజీ ఊళ్లో ఓటు నమోదు చేసుకుంటే ఆర్థిక సాయం పోతుందని అమెరికాలో పదేపదే పుకారు లేస్తుంది. ఫెడరల్ విద్యా సాయానికి ఓటు నమోదు చిరునామాతో సంబంధం లేదు. అయినా ఫీజు కట్టడానికే కష్టపడే విద్యార్థి ఆ పుకారు వింటే ‘ఎందుకొచ్చిన గొడవ’ అని పక్కకు తప్పుకుంటాడు. నమ్మాల్సిన పని కూడా లేదు, చిన్న అనుమానం చాలు.

మంచి ఉద్దేశంతోనే ఇదే నష్టం చేసే పోస్టులు ఇంకా ఎక్కువ. ‘యువత ఓటేయడం లేదు, సిగ్గుచేటు’ అనేవి ఆ రకం. అలాన్ గెర్బర్, టాడ్ రోజర్స్ న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో చేసిన ప్రయోగాల్లో పోలింగ్ భారీగా ఉండబోతోందని విన్నవాళ్లలో ఓటేయాలన్న ఉద్దేశం పెరిగింది, తక్కువగా ఉండబోతోందని విన్నవాళ్లలో ఆ పెరుగుదల లేదు. అప్పుడప్పుడు మాత్రమే ఓటేసేవాళ్ల మీద ఈ తేడా ఎక్కువగా కనిపించింది. ‘మీవాళ్లెవరూ వెళ్లరు’ అని ఒక విద్యార్థికి చెబితే అతనికి సిగ్గు వేయదు. వెళ్లకపోవడమే మామూలని అర్థమవుతుంది.

వేదికలు తమ నియమాలను ఇష్టం వచ్చినప్పుడు మార్చుకోవడం మరో సమస్య. టిక్‌టాక్ 2019 నుంచి డబ్బు తీసుకుని రాజకీయ ప్రకటనలు వేయడం లేదు. అయినా 2024 నవంబరులో రొమేనియా అధ్యక్ష ఎన్నికల తొలి రౌండులో పెద్దగా పేరులేని అభ్యర్థి మొదటి స్థానంలోకి రావడం వెనక టిక్‌టాక్ ప్రచారం మీద ఆరోపణలు వచ్చాయి. డిసెంబరు 6న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికనే రద్దు చేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా 2024 ఫిబ్రవరిలో, అనుసరించని ఖాతాల రాజకీయ పోస్టులను ఇన్‌స్టాగ్రామ్‌లో సిఫారసు చేయబోమని ప్రకటించి, ఆ పరిమితిని అందరికీ ముందే పెట్టేసింది. కావాలనుకుంటే వాడేవాళ్లే సెట్టింగుల్లోకి వెళ్లి తీసేయాలి. 2025 జనవరిలో ఆ విధానం మార్చుకుంటున్నామని చెప్పింది. ఒక విద్యార్థి సంఘం ఎన్నికల సమాచారమంతా ఒక్క వేదిక మీదే పెట్టుకుంటే ఇలాంటి మార్పు వచ్చిన రోజు ఎవరికీ కనిపించకుండా పోతుంది.

క్లాసు గ్రూపులో ఏది పనిచేస్తుంది

పైన చెప్పినవన్నీ ఒక చోటుకే దారితీస్తాయి. వేలమంది చూసే పేజీకన్నా 30, 60 మంది ఉండే క్లాసు గ్రూపు, హాస్టల్ గ్రూపు, నలుగురైదుగురు స్నేహితుల చాట్ విలువైనవి. అక్కడ అందరికీ అందరూ తెలుసు, దాదాపు అందరి గడువూ ఒకటే, ఎవరైనా తప్పు చెబితే సరిదిద్దేవాళ్లుంటారు.

సందేశం ఎలా ఉండాలన్నదానికి ఒక మంచి ఆధారం ఉంది. 2008లో పెన్సిల్వేనియా ప్రైమరీకి (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు) ముందు డేవిడ్ నికర్సన్, టాడ్ రోజర్స్ ఫోన్ ద్వారా ఓటర్లను మూడు ప్రశ్నలు అడిగించారు: ఎన్ని గంటలకు వెళ్తారు, ఎక్కడి నుంచి వెళ్తారు, అంతకుముందు ఏ పనిలో ఉంటారు? ఫోన్లో దొరికినవాళ్లలో ఓటింగ్ 4.1 పాయింట్లు పెరిగింది. ఇంట్లో ఒక్క ఓటరే ఉన్నచోట ప్రభావం ఎక్కువగా కనిపించింది. నలుగురున్న ఇంట్లో ఎవరో ఒకరు ఎలాగూ బయల్దేరదీస్తారు, ఒంటరిగా ఉండేవాళ్లకు ఆ ఊతం లేదు. ఇంటికి దూరంగా గదిలో ఉండే విద్యార్థి పరిస్థితీ అదే. 2006లో కొత్తగా నమోదైన, ఎక్కువగా యువ ఓటర్ల మీద చేసిన మరో ప్రయోగంలో ఎస్సెమ్మెస్‌తో గుర్తుచేయడం పోలింగ్‌ను సుమారు 3 పాయింట్లు పెంచింది. ఇమెయిల్ మీద జరిగిన చాలా ప్రయోగాల్లో మాత్రం పెరుగుదల కనిపించలేదు.

అందుకే ‘ఓటు మన హక్కు, అందరం తప్పక వేద్దాం’ అని గ్రూపులో పెడితే నలుగురు బొటనవేలు గుర్తు పెట్టి వదిలేస్తారు. ‘రేపు ల్యాబు మూడింటికి అయిపోతుంది కదా, నేను అటునుంచి అటే వెళ్తున్నా. నువ్వూ వస్తావా? కార్డు బ్యాగులో పెట్టుకో’ అని ఒక్కరికి విడిగా పంపితే జవాబు రాక తప్పదు. ఇందులో సమయం, బయల్దేరే చోటు, తోడు, తెచ్చుకోవాల్సిన వస్తువు అన్నీ ఉన్నాయి. నీతిబోధ లేదు.

పని మొదలుపెట్టాల్సింది పోలింగుకు కనీసం 8 వారాల ముందు. చాలాచోట్ల నమోదు గడువు పోలింగ్ రోజుకు వారాల ముందే ముగుస్తుంది, ఊరంతా ఎన్నికల వేడెక్కేసరికి తలుపులు మూసుకుపోయి ఉంటాయి. మొదటి వారంలో ఒక్కటే అడగాలి: అధికారిక వెబ్‌సైట్‌లో నీ పేరు ఉందా, ఏ చిరునామాతో ఉంది? ‘నమోదు చేసుకున్నావా’ అని అడిగితే రెండేళ్ల కిందటి సంగతి గుర్తుచేసుకుని అవునంటారు. ‘ఇప్పుడే తెరిచి చూడు’ అంటే పాత చిరునామా బయటపడుతుంది. ఆ తరవాతి రెండు వారాలు చిరునామా మార్పుకు, రుజువు పత్రాలకు. హాస్టల్ వార్డెన్ లేదా కాలేజీ కార్యాలయం ఇచ్చే నివాస ధ్రువపత్రం చెల్లే చోట్ల అది అందరికీ ఒకేసారి ఇప్పించగలిగితే సగం పని అయినట్టే, ఒక్కొక్కరూ తిరిగితే సగంలో వదిలేస్తారు. పోస్టల్ బ్యాలెట్ అవసరమైనవాళ్లను నాలుగు వారాల ముందే విడిగా గుర్తించాలి. చివరి పది రోజులు అభ్యర్థుల సమాచారానికి, చివరి రెండు రోజులు వెళ్లే సమయం కుదుర్చుకోవడానికి.

దారితప్పేది సాధారణంగా ఇలా: లింకు అధికారిక సైట్‌కు కాకుండా ఏదో వార్తా కథనానికి ఇస్తారు, అది మూడేళ్ల కిందటి గడువు చూపిస్తుంది. ఒకే సందేశాన్ని పది గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేస్తారు, అందులో వేరే ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థులకు అది వర్తించదు. నమోదు చేయించే మనిషే తన పార్టీ బొమ్మను డీపీగా పెట్టుకుంటాడు, అవతలి పక్షంవాళ్లు సమాచారాన్ని కూడా అనుమానిస్తారు. నమోదు సాయం చేసేవాళ్లు ఆ కొద్ది వారాలూ పార్టీ ప్రచారాన్ని అదే గ్రూపులో కలపకపోవడం మంచిది. గ్రూపులో అధ్యాపకులుంటే విద్యార్థులు నోరు విప్పరు, సందేహాలు అడగడానికి వాళ్లు లేని చోటు వేరే ఉండాలి. తప్పుడు సందేశం వచ్చినప్పుడు దాన్నే మళ్లీ ఫార్వర్డ్ చేసి ‘ఇది అబద్ధం’ అనడంకన్నా సరైన తేదీ, అధికారిక లింకు ముందు రాసి, ఆ తరవాత తప్పేమిటో ఒక్క వాక్యంలో చెప్పడం మేలు. హడావుడిగా చూసేవాళ్లకు మొదటి వాక్యమే గుర్తుంటుంది.

ఇక ఒత్తిడి ఎంతవరకు? 2006 ఆగస్టులో మిషిగన్ ప్రైమరీకి ముందు 1 లక్షా 80 వేల ఇళ్ల మీద జరిగిన ప్రయోగంలో, ఎవరు ఓటేశారో ఎవరు వేయలేదో ఇరుగుపొరుగు పేర్లతో సహా ఉత్తరాల్లో పంపితే పోలింగ్ 29.7 నుంచి 37.8 శాతానికి పెరిగింది. ఎనిమిది పాయింట్లకు పైగా పెరగడం ఈ రంగంలో అరుదు. అయినా క్లాసు గ్రూపులో ‘ఇంకా ఓటేయనివాళ్లు’ అని పేర్లు పెట్టడం చేయకూడని పని. ఒకరికి అర్హతే ఉండకపోవచ్చు, మరొకరు వేరే దేశ పౌరులు కావచ్చు, ఇంకొకరి పేరు జాబితా నుంచి ఎగిరిపోయి ఉండొచ్చు, ఆ సంగతి అరవై మంది ముందు చెప్పుకోవాల్సిన గతి పట్టకూడదు. ఓటేసి వచ్చినవాళ్లు తమంత తామే చెప్పుకుంటే చాలు. ఉదయం పది గంటలకల్లా నాలుగైదు సందేశాలు పడితే మధ్యాహ్నానికి మిగతావాళ్లు కదులుతారు. కాబట్టి ఎలాగూ వెళ్లేవాళ్లను పొద్దున్నే వెళ్లమని అడగడం మంచిది.

పోలింగ్ ముగిశాక గ్రూపు మూసేయకూడదు. ఓటు అలవాటుగా మారుతుందని, ఒక ఎన్నికలో వేసినవాళ్లు తరవాతి దాంట్లో వేసే అవకాశం ఎక్కువని పరిశోధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ అలవాటు తెగేది చదువు ముగిసి ఊరు మారినప్పుడు. చివరి సెమిస్టర్ పరీక్షల తరవాత, గదులు ఖాళీ చేసే వారంలో ‘కొత్త చిరునామాకు ఓటు మార్చుకునే లింకు ఇది’ అని ఒక సందేశం పెట్టాలి. అప్పటికి ఎన్నికలు ఏవీ దగ్గర్లో ఉండవు, కార్యాలయాల్లో రద్దీ ఉండదు, దరఖాస్తులో లోపముంటే సరిచేసుకోవడానికి నెలల సమయముంటుంది.